గన్నేరు దడి: నాటడం, తడి మాన్పించడం, కత్తిరించడం

గన్నేరు దడి దూరం నుంచి చూస్తే నిండుగానే ఉంటుంది. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే మాత్రం చాలా దడుల్లో మోకాలి ఎత్తు వరకు బోసి కాండాలే కనిపిస్తాయి. ఆకూ పువ్వూ అంతా పైకి చేరి ఉంటాయి, కాండాల సందుల్లోంచి అవతలి నేల కనిపిస్తూ ఉంటుంది. ఈ లోపం మొక్కది కాదు. మొదటి రెండేళ్ళలో కోయవలసినప్పుడు కోయడానికి చేయి రాకపోవడం వల్ల, ఆపవలసినప్పుడు నీళ్ళు ఆపకపోవడం వల్ల వచ్చేది. ఆ రెండు పనులు వేళకు చేస్తే గన్నేరు అడుగు నుంచి కొన వరకు ఆకుతో నిండిన, ఏడాది పొడవునా పచ్చగా ఉండే, మూడో ఏటి నుంచి నీటి కోసం పెద్దగా ఎదురుచూడని దడి అవుతుంది.

ముందుగా పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. తెలుగులో గన్నేరు అనే మాట నాలుగు వేర్వేరు మొక్కల పేర్లలో ఉంది. పసుపు పచ్చని గంటల వంటి పూలు పూసే పచ్చగన్నేరు, లావు కొమ్మలతో ఆకులు రాల్చే దేవగన్నేరు, కుండీల్లో పెరిగే చిన్న బిళ్ళగన్నేరు, ఎరుపు, గులాబీ, తెలుపు రంగుల్లో గుత్తులుగా పూసే అసలు గన్నేరు. నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవే గాని దడికి పనికివచ్చే తీరు మాత్రం ఒక్కటి కాదు. ఇక్కడ చెబుతున్నది చివరిదాని గురించి, అంటే శాస్త్రీయంగా నీరియం ఓలియాండర్ అని పిలిచే మొక్క గురించి. నర్సరీలో దానిని గుర్తుపట్టడానికి పువ్వు కోసం ఆగనక్కరలేదు. కాండం మీద ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడు ఆకులు చుట్టూ చేరి ఉంటే అది అసలు గన్నేరు. ఆకులు ఒక్కొక్కటిగా మెట్లు మెట్లుగా తిరుగుతూ ఉంటే అది పచ్చగన్నేరు. మూడు ఆకుల ఈ అమరికను గుర్తుంచుకోవాలి, కత్తిరింపు పని మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మధ్యధరా తీరాల నుంచి దక్షిణ చైనా వరకు ఈ మొక్క సహజంగా పెరిగే చోట్లు ఎక్కువగా ఎండిన వాగుల ఒడ్లు. కొన్నాళ్ళు వరద ముంచెత్తుతుంది, ఆ తర్వాత నెలల తరబడి ఇసుక కాలుతూ ఉంటుంది. ఆ రెండింటికీ అలవాటు పడిన మొక్క కాబట్టే వానలు లేని కాలాన్ని అంత నిబ్బరంగా దాటుతుంది. ఒక ముదురు ఆకును కోసి వెనక్కి తిప్పి భూతద్దంతో చూస్తే దాని రహస్యం కొంత కనిపిస్తుంది: పైభాగం తోలులా దళసరిగా, మైనపు పూతతో ఉంటుంది, అడుగు భాగంలో చిన్న చిన్న గుంటలు, వాటి నోటికి అడ్డంగా సన్నని నూగు ఉంటాయి. ఆకు గాలి పీల్చే రంధ్రాలు ఆ గుంటల్లో దాగి ఉంటాయి. వేడిగాలి నేరుగా వాటిని తాకదు, అందుకే ఆకులోని తేమ త్వరగా ఆవిరైపోదు. కాలిఫోర్నియాలో హైవేల నడుమ మైళ్ళ తరబడి దీనిని నాటినది ఈ గుణం చూసే. 1945 నాటి అణుబాంబు దాడి తర్వాత హిరోషిమాలో మొదట పూసిన మొక్కల్లో ఒకటిగా పేరుపడిన గన్నేరును 1973లో ఆ నగరం తన అధికారిక పుష్పంగా ఎంచుకుంది.

నాటడానికి ముందు తేల్చుకోవలసిన సంగతి

గన్నేరు విషపు మొక్క. ఆకు, పువ్వు, కాండం, వేరు, విత్తనం, రసం, అన్నిటిలోనూ గుండె లయను దెబ్బతీసే ఓలియాండ్రిన్ వంటి పదార్థాలు ఉంటాయి. ఆకు ఎండినంత మాత్రాన విషం పోదు. చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు తిరిగే పెరట్లో, పశువులు మేసే చోటు పక్కన, నీటి తొట్టి మీదికి ఆకులు రాలే చోట ఈ దడి వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పచ్చి ఆకు చేదు కాబట్టి పశువులు సాధారణంగా ముట్టవు, అందుకని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ కోసి పడేసిన కొమ్మలు వాడిపోయి గడ్డిలో కలిస్తే పశువులు తేడా తెలియక తినేస్తాయి. ప్రమాదం ఎక్కువగా జరిగేది అక్కడే.

పని చేసేటప్పుడు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, పని అయ్యాక కత్తెరను, చేతులను సబ్బుతో కడగాలి. కోసిన కొమ్మలను కాల్చకూడదు, ఆ పొగ కూడా హాని చేస్తుంది. వాటిని పొయ్యిలోకి గాని, ఏదైనా గుచ్చి కాల్చే పుల్లలుగా గాని, కూరగాయల పాదులకు వేసే కంపోస్టులోకి గాని వాడకూడదు. ఎవరైనా నమిలారని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలతో సమయం పోగొట్టుకోకుండా, మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రకం, మొక్కలు

రకాన్ని ఎంచుకునేటప్పుడు పూల రంగు కంటే ముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది ఎదుగుదల. మామూలు రకాలు వదిలేస్తే 3 నుంచి 5 మీటర్ల వరకు పెరుగుతాయి. పొట్టి రకాలు మీటరు, మీటరున్నర దగ్గర ఆగిపోతాయి. నడుము ఎత్తు దడి కావాలనుకుని పొడుగు రకం తెచ్చుకుంటే జీవితాంతం దానితో కుస్తీ పట్టవలసి వస్తుంది, ప్రతి కోతతో పాటు పూలనూ కోల్పోవలసి వస్తుంది. పొట్టి రకాలు చలిని అంతగా తట్టుకోలేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. రెండోది పూరేకులు. ముద్ద పూల రకాలు పూసిన రోజు ఎంత అందంగా ఉంటాయో, వాడిన తర్వాత అంత వికారంగా ఉంటాయి. వాటి రేకులు రాలకుండా గోధుమ రంగు ముద్దలై గుత్తిలోనే వేలాడతాయి, వాన పడితే మరీ అసహ్యంగా తయారవుతాయి. ఒంటి రేకు పూలు వాడగానే తమంతట తామే రాలి దడిని శుభ్రంగా ఉంచుతాయి. కుండీలో ఒక్క మొక్కకైతే ముద్ద పూలు సరే. 12 మీటర్ల దడికి ఒంటి రేకే మేలు.

విత్తనాలతో పెంచిన మొక్కలు తల్లి రంగులో, తల్లి ఎత్తులో రావాలని లేదు, ఒకే దడిలో తలా ఒక తీరుగా ఎదుగుతాయి. అందువల్ల ఒకే తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మలతో మొక్కలు కట్టుకోవాలి, అది కష్టమైన పని కూడా కాదు. ఆ ఏడాది పెరిగి, మరీ లేతగా గాక, బెరడు ఇంకా పూర్తిగా ముదరక, పెన్సిలు మందాన ఉన్న కొమ్మలను 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున కణుపుకు సరిగ్గా కింద కోయాలి. కింది ఆకులన్నీ తీసేసి, పైన నాలుగైదు ఆకులు మాత్రం ఉంచి, అవి పొడవుగా ఉంటే సగానికి కత్తిరించి, తేమగా ఉన్న ముతక ఇసుకలో మూడో వంతు దిగేలా గుచ్చి నీడలో పెడితే మూడు నాలుగు వారాల్లో సాధారణంగా వేళ్ళు వస్తాయి. నీళ్ళ సీసాలో పెట్టినా వస్తాయి, రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు మార్చాలి, ఆ నీళ్ళు కూడా విషమేనని మరవకూడదు. అయితే నీటిలో వచ్చిన వేళ్ళు పెళుసుగా ఉంటాయి. అవి రెండు మూడు సెంటీమీటర్లు ఉండగానే మట్టిలోకి మార్చాలి గాని, సీసా నిండా జడలు కట్టే దాకా ఆగకూడదు.

చోటు, దూరం, నాటడం

రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ తగిలే చోటు గన్నేరుకు కావాలి. నీడలో చావదు గాని, ఎండ కోసం సాగిలబడి పొడుగ్గా, పల్చగా, పూలు లేకుండా పెరుగుతుంది, దడిగా పనికిరాదు. నేల విషయంలో దానికి పెద్ద పట్టింపు లేదు. ఇసుక నేల, గులక నేల, కొంచెం ఉప్పు నేల, సున్నం ఉన్న నేల అన్నీ సరిపోతాయి. ఏడాది పొడవునా నీరు నిలిచి ఉండే పల్లం మాత్రం సరిపోదు. బంకమట్టి నేలైతే దడి వేసే బారునా మట్టిని 20 సెంటీమీటర్లు ఎత్తు చేసి గట్టు మీద నాటితే సరిపోతుంది.

మీటరున్నర ఎత్తున గుబురుగా ఉంచదలచిన దడికి మొక్కకు మొక్కకు 75 సెంటీమీటర్లు, మూడు మీటర్ల చాటు తెరకు 1.2 నుంచి 1.5 మీటర్లు విడవాలి. 12 మీటర్ల దడిని 75 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే 16 ఎడాలు, 17 మొక్కలు అవుతాయి. చచ్చిన చోట పెట్టడానికి మరో రెండు మొక్కలు అదే వయసువి పక్కన పెంచుకుంటే తర్వాత దడిలో పొట్టి పొడుగులు రావు. త్వరగా మూసుకుపోవాలన్న ఆత్రంతో 40 సెంటీమీటర్లకే నాటినవారు నాలుగో ఏట బాధపడతారు, ఒకదాని నీడలో ఒకటి పడి అన్నిటికీ అడుగు ఆకు రాలిపోతుంది. గోడ నుంచి, నడక దారి నుంచి కనీసం ఒక మీటరు ఎడం ఉండాలి, ఎందుకంటే దడి వెనక వైపు కూడా మనిషి దూరి కత్తిరించవలసి ఉంటుంది. ఈ ఎడం నాటే రోజున వృథా స్థలంలా కనిపిస్తుంది, అయినా వదలాలి.

ఎండలు తగ్గి వానలు మొదలయ్యే వేళ నాటడానికి అనువైనది. గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతాల్లో చలి పూర్తిగా పోయాక నాటాలి. గుంత వెడల్పు కుండీకి రెండింతలు, లోతు కుండీ అంతే. సంచి చించగానే మట్టి ముద్ద చుట్టూ వేళ్ళు తాడులా చుట్టుకుని కనిపిస్తే వేళ్ళతో విడదీయాలి, విడిపోనంత బిగుసుకుని ఉంటే మూడు నాలుగు చోట్ల నిలువునా కత్తితో కోయాలి. గుంత నిండా ఎరువు నింపడం మంచి అలవాటు కాదు. వేళ్ళు ఆ మెత్తని చోటే తిరుగుతాయి తప్ప చుట్టుపక్కల గట్టి నేలలోకి దిగవు, కరవులో మొక్కను కాపాడేది ఆ గట్టి నేలలోకి దిగిన వేళ్ళే. తవ్విన మట్టినే తిరిగి నింపి, గాలి ఖాళీలు పోయేలా నొక్కి, చుట్టూ పాదు చేసి నిండా నీరు పోసి, పైన 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో, చెక్క పొట్టో కప్పాలి. ఆ కప్పు కాండానికి తగలకుండా అరచేతి వెడల్పు ఖాళీ వదలాలి.

తడి ఇవ్వడం, మాన్పించడం

కరవును తట్టుకునే మొక్క అని పేరుంది కదా అని నాటిన వారం నుంచే వదిలేసేవారు కొందరు, అదే మొక్కకు రోజూ చెంబెడు నీళ్ళు పోసేవారు కొందరు. మొదటి వారి మొక్క ఎండిపోతుంది. రెండో వారి మొక్క బతుకుతుంది గాని వేళ్ళన్నీ నేల పైపొరలోనే అల్లుకుని, నీళ్ళు ఆగిన నెలలోనే డీలాపడుతుంది. పసిబిడ్డకు పాలు మాన్పించినట్టు, తడిని కూడా క్రమంగా మాన్పించాలి.

మొదటి రెండు మూడు వారాలు వారానికి రెండు తడులు. ఆ తర్వాత, వానలు లేకపోతే, మొదటి ఏడాదంతా వారానికొక తడి, మొక్కకు 10 నుంచి 15 లీటర్లు, నెమ్మదిగా ఇంకేలా ఇవ్వాలి. రెండో ఏడాది రెండు మూడు వారాలకొక తడి, కానీ నీటి పరిమాణం రెట్టింపు చేసి, పాదును కాండం నుంచి బయటికి జరుపుతూ పోవాలి. మూడో ఏటి నుంచి వాన లేని మండుటెండల్లో నెలకొక లోతైన తడి చాలు. ఆ తడి కూడా మొక్క ప్రాణం నిలవడానికి కాదు, నీళ్ళు లేకపోయినా గన్నేరు బతుకుతుంది. కానీ బతకడానికి మొదట లోపలి ఆకులను, అడుగు ఆకులను వదులుకుంటుంది, దడికి కావలసినవి ఆ ఆకులే.

తడి అవసరమో కాదో తేల్చుకోవడానికి అర మీటరు ఇనుప చువ్వ ఒకటి చాలు. పాదు అంచున దానిని నేలలోకి దించాలి. తేమ ఉన్నంత మేర అది సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. అరచేయంత లోతు లోపే ఆగితే తడి ఇవ్వాలి; దానికంటే లోతుగా దిగితే మరో వారం ఆగవచ్చు. ఆకులు పసుపు పచ్చబడినప్పుడు కూడా చువ్వనే అడగాలి, ఎందుకంటే నీరు తక్కువైనా, ఎక్కువైనా గన్నేరు ఒకేలా పసుపు తిరుగుతుంది. కొత్త చిగుళ్ళు వచ్చే రోజుల్లో లోపలి ముసలి ఆకులు కొన్ని పండి రాలడం సహజం, దానికి కంగారు పడనక్కరలేదు.

ఎరువు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఏడాదికొకసారి పాదులో రెండు గుప్పిళ్ళ చివికిన కంపోస్టు వేస్తే చాలు. నత్రజని ఎక్కువైతే కొమ్మలు నీరు పట్టి మెత్తగా పెరుగుతాయి, పేనుబంకకు విందు చేసినట్టవుతుంది.

కత్తిరింపు

నేను మొదట వేసిన గన్నేరు దడిని ఏడాదిన్నర పాటు కత్తెర తాకనివ్వలేదు. తొలి పూలు వస్తుంటే కోయడానికి మనసొప్పలేదు. రెండో ఏడాది చివరికి అవి నా భుజం ఎత్తుకు వచ్చాయి, ఒక్కోదానికి రెండు మూడు కాండాలు, చివర పూల గుత్తులు, కింద ఏమీ లేదు. చివరికి అన్నిటినీ మోకాలి కిందికి నరికి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ ఏడాదిన్నర పూర్తిగా నష్టమే.

మొక్క కుదురుకుని కొత్త చిగురు వేయగానే, ఎంత ఎత్తున్నా సరే, నేల నుంచి 25 లేదా 30 సెంటీమీటర్ల దగ్గర మొదటి కోత కోయాలి. ఎక్కడ పడితే అక్కడ కాదు. మూడు ఆకులు కలిసిన కణుపును వెతికి, దానికి సరిగ్గా పైన, వేలి గోరంత ఎడంలో కోయాలి. ఒక్కో ఆకు కాడ మొదట్లో ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. పైకొమ్మ పోగానే అవి మేల్కొని, రెండు మూడు వారాల్లో ఎర్రటి గింజల్లా ఉబ్బి, మూడు వైపులకు మూడు చిగుళ్ళుగా సాగుతాయి. ఆ మూడూ 30 సెంటీమీటర్లు పెరిగాక ఒక్కోదానిని సగానికి, మళ్ళీ కణుపు పైననే కోస్తే లెక్క ప్రకారం తొమ్మిది కొమ్మలు, ఇంకోసారి కోస్తే ఇరవై ఏడు రావాలి. ఆచరణలో అన్ని మొగ్గలూ లేవవు, సగం లేచినా దడి అడుగు నిండిపోతుంది. రెండు కణుపుల నడుమ కోస్తే మిగిలిన మొండి ఎండిపోయి, ఆ దారిన తెగులు లోపలికి దిగుతుంది.

ఈ కోతల వల్ల మొదటి ఏడాది పూలు దాదాపు ఉండవు, ఎందుకంటే గన్నేరు కొత్త కొమ్మల కొసల్లోనే పూస్తుంది. రెండో ఏడాది కూడా కొంత త్యాగం తప్పదు.

దడి కావలసిన ఎత్తుకు వచ్చాక పని తగ్గుతుంది. పెద్ద పూత ఒక విడత ముగిసిన వెంటనే, పూసిన కొమ్మలను మూడో వంతు మేర, ఒకే గీతలో గాక కొన్నిటిని లోతుగా, కొన్నిటిని పైపైన కోయాలి. అలా చేస్తే వెలుతురు లోపలికి దిగుతుంది, పై పొర గోడలా మూసుకుపోదు. అడుగు వెడల్పు ఎప్పుడూ తల వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి; మీటరున్నర ఎత్తు దడికి అడుగున 1.2 మీటర్లు, పైన 80 సెంటీమీటర్లు ఉంటే కింది ఆకులకు కూడా ఎండ అందుతుంది. ఇదంతా చేతి కత్తెరతో చేయవలసిన పని. మరతో గాని, పొడవాటి దడి కత్తెరతో గాని ఒకే ఊపున చదును చేస్తే పొడవైన ఆకులు సగానికి తెగి, రెండు రోజుల్లో వాటి అంచులు గోధుమ రంగుకు మారతాయి, రాబోయే పూల కొసలు కూడా తెగిపోతాయి. పెట్టెలా చెక్కిన దడి కావాలనుకునేవారు చిన్న ఆకుల మొక్కను ఎంచుకోవడం మంచిది. గడ్డకట్టే చలి వచ్చే చోట్ల చలికాలానికి కనీసం రెండు నెలల ముందే కత్తిరింపు ముగించాలి, లేకపోతే లేత చిగుళ్ళు మాడిపోతాయి.

పురుగులు, తెగుళ్ళు

కొత్త చిగుళ్ళ మీద నారింజ ఛాయ కలిసిన పసుపు రంగులో, నల్లని కాళ్ళతో గుంపులుగా కనిపించేది పేనుబంక. జిల్లేడు మీద కనిపించేది కూడా ఇదే. చూడటానికి భయం వేస్తుంది గాని, ముదిరిన దడికి పెద్దగా చేటు చేయదు. నీళ్ళ గొట్టంతో గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది, మిగిలినదానిని అక్షింతల పురుగులు తింటాయి. పురుగుల నడుమ గోధుమ రంగులో ఉబ్బిన గుల్లలు కనిపిస్తే లోపల పరాన్న కందిరీగ పిల్లలు పనిచేస్తున్నాయని అర్థం, అప్పుడు ఏ మందూ కొట్టకూడదు. తల దగ్గర నీలి కళ్ళ వంటి రెండు మచ్చలున్న లావైన పచ్చని గొంగళి పురుగు ఒకటి రాత్రికి రాత్రే కొమ్మను బోడి చేస్తుంది, తొడుగులు వేసుకుని ఏరివేస్తే సరిపోతుంది. ఆకుల వెనక పొలుసు పురుగు, పైన నల్లని మసి కనిపిస్తే సబ్బు నీళ్ళతో కడిగి, ఆ భాగంలో కొమ్మలు కొన్ని తీసి గాలి ఆడేలా చేయాలి.

రెండు జబ్బులకు మాత్రం మందు లేదు. కాండాల మీద, పూల కాడల మీద గరుకైన బొడిపెలు వస్తే అది బ్యాక్టీరియా తెగులు. బొడిపె కింద ఒక జానెడు దాకా మంచి కొమ్మతో సహా కోసి, ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి, ఆకుల మీద నీళ్ళు చల్లడం మానాలి. రెండోది మరింత చెడ్డది: నీళ్ళు అందుతున్నా ఆకుల కొసలు, అంచులు కాలినట్టు ఎండుతూ, ఒక కొమ్మతో మొదలై మొక్కంతా పాకే ఎండు. రసం పీల్చే పురుగులు మోసుకొచ్చే జైలెల్లా అనే బ్యాక్టీరియా దీనికి కారణం; దక్షిణ కాలిఫోర్నియాలో 1990ల నుంచి ఎన్నో దడులు దీనివల్ల పోయాయి. అది అదేనని తేలితే ఆ మొక్కను వేళ్ళతో సహా తీసేయడమే మార్గం.

పాత దడిని తిరిగి నిలబెట్టడం

అడుగు బోసిపోయిన పాత దడి ఉన్నవారు దానిని పీకేయనక్కరలేదు. ఓపిక ఉంటే మూడేళ్ళ పద్ధతి: ఏటా ప్రతి కుదురులోనూ అన్నిటికంటే లావైన, ముసలి కాండాలను మూడో వంతు వరకు నేల మట్టానికి రంపంతో కోయాలి. దడి ఎప్పుడూ కళ్ళ ముందు నిలిచే ఉంటుంది, మూడో ఏడాదికి కుదురంతా కొత్తదవుతుంది. తొందర ఉంటే చలి పూర్తిగా పోయి, చిగురు వేసే కాలం మొదలవుతూనే మొత్తం దడిని 30 సెంటీమీటర్ల మోళ్ళుగా కోసి, రెండు నిండు తడులు ఇచ్చి వదలాలి. నెల తిరిగేలోగా ఒక్కో మోడు నుంచి పదీ పదిహేను ఇగుళ్ళు లేస్తాయి. వాటిలో బయటి వైపుకు వంగి వస్తున్న ఆరేడు బలమైనవి ఉంచి, లోపలికి పెరిగేవి, సన్ననివి లేతగా ఉండగానే మొదలుకంటా లాగేయాలి. కత్తెరతో కోస్తే అదే చోట మళ్ళీ లేస్తాయి. ఉంచినవి 30 సెంటీమీటర్లు దాటగానే మూడు ఆకుల కణుపు పైన మళ్ళీ సగానికి కోయాలి, అప్పటికి వాటి కొసన మొగ్గలు కనిపిస్తున్నా సరే.